టీ ఆలస్యంగా వెళ్లిన మీటింగు

ఈమధ్య మా పక్కింటి అమ్మాయి తాలూకా ఆఫీసులో అటెండరుగా చేరింది. వారం తిరక్కముందే వచ్చి నా పక్కన కూలబడి, "ఏముందిలే పెద్దమ్మా, ఫైళ్లు మోసేది, తలుపు తీసేది. మన మాట యాడ నడుస్తాది" అంది. ఆ పిల్లకు నోటితో చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. అట్లాంటి ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్లు ఇంకా ఉంటారు కదా, వాళ్లకూ పనికొస్తుంది.

నేను ఇరవై రెండేళ్లు పట్టణ పంచాయతీలో అటెండరుగా చేశాను. మాది బళ్లారి నుంచి సిరుగుప్ప వైపు పోయే దారిలో ఒక చిన్న ఊరు. మా ఆయన ఆ ఆఫీసులోనే కొళాయిలకు నీళ్లు వదిలే పనిలో ఉండేవాడు. ఆయన పోయాక కనికరించి నాకు ఉద్యోగం ఇచ్చారు. నేను చదివింది నాలుగో తరగతి, అదీ తెలుగులో. ఆఫీసు కాగితాలన్నీ కన్నడంలో. చదవలేకపోయినా ఏ కాగితం ఏ బీరువాలో ఎన్నో అరలో ఉందో నాకు తెలుసు. అందుకే గుమాస్తాలు నన్ను కోప్పడటానికి కొంచెం వెనకాడేవాళ్లు.

నెలకొకసారి మెంబర్ల సభ జరిగేది. పద్దెనిమిది మంది మెంబర్లు, మధ్యలో అధ్యక్షుడు, ఆయన పక్కన చీఫ్ ఆఫీసరు. అధ్యక్షుడి ముందు ఒక బెల్లు. ఒకసారి నొక్కితే ఫైలు తెమ్మని, రెండుసార్లు నొక్కితే టీ తెమ్మని. టీతోపాటు బొరుగులు తాలింపు వేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మా ఊళ్లో ఆ రెండూ లేకుండా సభ జరిగితే అది సభ కిందికే రాదు. పళ్లెం లోపలికి పోయిందంటే ఆ నెలకు సభ ముగిసినట్టే. తిన్నాక ఎవరూ కూర్చోరు. చెయ్యి కడుక్కునేది, తీర్మానాల పుస్తకంలో సంతకం పెట్టేది, బండి స్టార్ట్ చేసేది. ఇది ఏ చట్టంలోనూ రాసిలేదు. అందరూ తప్పకుండా పాటించిన చట్టం మాత్రం ఇదొక్కటే.

అజెండాలో మొదట మోరీలు, అంటే మురికి కాలువలు, వీధి దీపాలు, కొళాయిలు వచ్చేవి. అవి మా పంచాయతీ పనులు, ఠరావు చేస్తే జరిగి తీరాలి. ఠరావు అంటే తీర్మానమే, మా వైపు అట్లా అంటారు. ఇక మా చేతిలో లేనివి, అంటే బస్సు, ఆసుపత్రి, రైలు గేటు లాంటివి, అన్నింటికీ అడుగున పడేవి. వాటిమీద సభ తన అభిప్రాయం చెప్పి పైకి పంపడమే. పైవాళ్లు వినొచ్చు, వినకపోవచ్చు. మెంబర్లు వాటిని ఉత్త ఠరావులు అనేవాళ్లు. వాటి దగ్గరికి వచ్చేసరికి అందరి ముక్కులూ తలుపు వైపు తిరిగేవి.

అట్లాంటి ఒక నెలలో నేను తప్పు చేశాను. ఆ రోజు సభ బాగా సాగదీశారు. బజ్జీలు చల్లారిపోతున్నాయి. చల్లారిన బజ్జీ పెడితే అధ్యక్షుడు మొహం మాడ్చుకుంటాడు. బెల్లు మోగకముందే నేనే పళ్లెం ఎత్తుకుని లోపలికి వెళ్లాను. అప్పుడే ఒక ఆడ మెంబరు లేచి నిలబడి ఏదో చెప్పబోతోంది. పళ్లెం చూడగానే సభ అంతా కదిలింది. "ముందిన సభె, ముందిన సభె" అన్నాడు అధ్యక్షుడు, అంటే వచ్చే నెల చూద్దామని. ఆమె రెండు క్షణాలు అట్లాగే నిలబడి కూర్చుంది. బజ్జీ ముట్టలేదు.

ఆమె బజారులో పిండి మిషన్ నడిపేది. ఊరంతా మిషనక్క అనేవాళ్లు. ఆడవాళ్లకు కేటాయించిన వార్డులో గెలిచింది. మరునాడు జొన్నలు పట్టించడానికి వెళ్తే మిషన్ ఆపి నన్ను చూసింది.

"ఏం చెల్లీ, నిన్న నీకేం తొందర వచ్చింది?"

"బజ్జీలు ఆరిపోతాండాయక్కా."

"బజ్జీలు ఆరిపోతాండాయి. ఆడ నా కోడలి సంగతి చెప్పేకి లేస్తే నువ్వు పళ్లెం తీసుకొస్తివి."

అప్పుడు చెప్పింది. కిందటేడు కోడలికి ఎనిమిదో నెలలో నొప్పులు వచ్చాయి. మా ఊరి ఆసుపత్రిలో ఉండేది ఒక్క మగ డాక్టరు, అదీ పొద్దున పూటే. ఆటోలో బళ్లారికి బయలుదేరితే సగం దారిలో, కాలువ బ్రిడ్జి దగ్గరే కాన్పయింది. బిడ్డ దక్కలేదు. ఇప్పుడు ఆ పిల్లకు మళ్లీ ఆరో నెల. మా ఊరి ఆసుపత్రికి వారానికి రెండు దినాలైనా ఒక ఆడ డాక్టరును పంపమని సభ చేత ఠరావు చేయించాలని మిషనక్క పట్టుబట్టి అజెండాలో పెట్టించింది. కోడలికి నెలలు నిండేలోపల డాక్టరు రావాలి. దాని మీదికి నేను బజ్జీలు తీసుకుపోయాను.

మరుసటి రోజు చీఫ్ ఆఫీసరు ఒక్కడే ఉన్నప్పుడు వెళ్లి అడిగాను. ఆయన అనంతపురం వైపు మనిషి, నాతో తెలుగే మాట్లాడేవాడు.

"సార్, ఆసుపత్రి మనది కాదు గదా. మనం ఠరావు చేస్తే డాక్టరు వస్తాదా?"

"రావాలని లేదమ్మా. అది హుకుం కాదు, అభిప్రాయం. వినకపోయినా వాళ్లను మనం ఏమీ చేయలేం."

"మరి చేసేది యాందుకు?"

ఆయన కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "బెంగళూరులో శాసనసభ ఉండాది గదా. ఢిల్లీ చేతిలో ఉండే పని ఏదన్నా వస్తే, నదినీళ్లో ఇంకోటో, ఆడ అందరూ కూర్చుని 'మా రాష్ట్రం అభిప్రాయం ఇది' అని ఠరావు చేసి పంపుతారు. ఢిల్లీ దాన్ని పక్కన పెట్టొచ్చు. పార్లమెంటు కూడా వేరే దేశంలో ఘోరం జరిగితే బాధపడి ఠరావు చేస్తాది. ఆ దేశం మన మాట వినాలా? అయినా చేస్తాది. ఎందుకు? నోరు మూసుకుంటే, 'వాళ్లకు ఏ ఇబ్బందీ లేదు, ఊరకే ఉండారు' అని రాసుకుంటారు కాబట్టి."

"మిషనక్క అర్జీ పెట్టుకుంటే సాలదా?"

"ఒకరు అడిగితే అర్జీ. ఎన్నికైనోళ్లంతా లేచి చెప్పి సంతకం పెడితే అది ఊరి మాట. పైన ఉండేవాడు 'మాకు తెలీదు' అనేకి లేదు. సంతకం పెట్టినోడు కూడా రేపు 'నాకేం పట్టింది' అనేకి లేదు. అదమ్మా దాని బలం."

నాకు వెంటనే మా అత్త గుర్తొచ్చింది. ముసలితనంలో ఆమె చేతిలో ఇంటి తాళాలు కూడా ఉండేవి కాదు. అయినా అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు, "చిన్నకోడలికి వారం నుంచి ఒంట్లో బాగాలేనట్టుంది" అనేది. ఎవరినీ ఏమీ చేయమనేది కాదు. మరునాటి నుంచి చిన్నకోడలు నీళ్ల బిందె ఎత్తే పని ఉండేది కాదు. పదిమంది ముందు అన్న మాట వినపడనట్టు ఉండటం కష్టం. ఠరావు అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది.

రెండో నెల సభలో నేను బెల్లు మోగేదాకా కదలకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఏం లాభం? ఆఖరి అంశం వస్తుందనగా అధ్యక్షుడే బెల్లు రెండుసార్లు నొక్కాడు. ఆయన చెడ్డవాడు కాదు. అయితే మోరీ గురించి గంటసేపు మాట్లాడే మగవాళ్లు కాన్పు అనే మాట వచ్చేసరికి ఫ్యానును చూసేవాళ్లు, జేబులు తడుముకునేవాళ్లు. పైగా ఆసుపత్రి మీద ఠరావు చేస్తే ఎమ్మెల్యేను తప్పుపట్టినట్టు ఉంటుందని, ఊరికి రావాల్సిన డబ్బు ఆగిపోతుందని ఆయన భయం. నేను పళ్లెం తీసుకుపోయాను. మిషనక్క ఈసారి లేవనే లేదు. పోయేటప్పుడు నా పక్కనుంచి పోతూ, "ఏడో నెల చెల్లీ" అని మాత్రం అంది.

ఆ మాట నెల రోజులు నా చెవిలోనే ఉంది. నేను ఏం చేయగలను? సభలో నోరు విప్పే హక్కు నాకు లేదు. అజెండా వరస మార్చడం నావల్ల కాదు. చీఫ్ ఆఫీసరు కూడా, పాపం, అధ్యక్షుడు కాదంటే చేసేదేమీ లేదు. ఎంత ఆలోచించినా నా చేతిలో కనిపించింది ఆ పళ్లెమే.

మూడో నెల సభ రోజు పొద్దున్నే గేటు దగ్గర మిర్చి బండి పెట్టే ఆయన దగ్గరికి వెళ్లాను. సభకు బజ్జీలు వేసేది ఆయనే.

"ఈ పొద్దు బండి గేటు కాడ వద్దన్నా. సభ జరిగే కిటికీ కింద పెట్టు."

"యాలమ్మా, ఆడ గాలి. స్టవ్వు ఆరిపోతాది."

"నేను అడ్డం నిలబడతా. నూనె బాగా కాగనీ. నేను సెప్పేదాకా ఒక్క మిర్చి నూనెలో పడకూడదు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "అధ్యక్షుడు కోపం చేసుకొని బండే ఎత్తేయమంటే?"

"ముందు తిని తరువాత అంటాడులే."

ఆయన నవ్వి బండి తోసుకొచ్చాడు. ఇంకేమీ అడగలేదు. ఆయనకూ ముగ్గురు కూతుళ్లు.

సభ మొదలైంది. మోరీలు అయ్యాయి, దీపాలు అయ్యాయి. సంతలో అంగళ్ల పంచాయితీ అయ్యింది. నేను బండికి గాలి తగలకుండా వరండాలో నిలబడి వింటున్నాను. ఆఖరి అంశం అని చీఫ్ ఆఫీసరు చదివీ చదవగానే బెల్లు రెండుసార్లు మోగింది.

నేను కదలలేదు. ఇన్నేళ్లలో ఆ బెల్లు మోగి నేను కదలకపోవడం అదే మొదటిసారి. కాళ్లు వాటంతటవే పోబోయాయి, గోడ పట్టుకున్నాను. మళ్లీ మోగింది. మళ్లీ. ఇద్దరు మెంబర్లు కుర్చీలు వెనక్కి జరిపి లేచారు. సగానికి పైగా వెళ్లిపోతే ఠరావు చెల్లదు. నేను కిటికీ కింద బండి వైపు చెయ్యి ఊపాను. కాగిన నూనెలో మొదటి వాయి బజ్జీలు పడ్డాయి. ఆ చప్పుడు, ఆ వాసన కిటికీలోంచి నేరుగా సభలోకి పోయాయి.

"ఏమ్మా, టీ యాడ?" అని అధ్యక్షుడు గట్టిగా పిలిచాడు.

తలుపు దగ్గర నిలబడి చెప్పాను. "అవుతాండాది సార్. మిర్చి ఇప్పుడే నూనెలో పడినాయి."

అబద్ధం కాదు. లేచిన ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని మళ్లీ కూర్చున్నారు. అధ్యక్షుడు గడియారం చూశాడు, కిటికీ చూశాడు. "సరే, అంతలోపల ఆ ఆఖరిది కానిద్దాం" అన్నాడు.

మిషనక్క లేచింది. చేతిలో కన్నడంలో రాసిన కాగితం. దాన్ని మడిచి బల్లమీద పెట్టింది.

"ఇది సదివేకి నాకు రాదప్పా. నోటితోనే సెప్తా. పోయినేడు నా కోడలు బిడ్డను దావలో పోగొట్టుకునింది. ఇప్పుడు మళ్లా ఎనిమిదో నెల. మన ఆసుపత్రిలో ఉండే డాక్టరు మంచోడే. అయినా ఆ పిల్ల మగోనికి చూపించుకోనంటాది. బళ్లారికి పోవాలంటే బస్సులో వాంతులు, ఆడ పొద్దుగూకేదాకా లైను. నా కోడలు ఒక్కతే కాదు. మీ ఇండ్లలో ఆడోళ్లు ఏం చేస్తాండారో మీకు తెలుసా? నేను మిమ్మల్ని డాక్టరును తెమ్మనలేదు. మీకు ఏమనిపిస్తాండాదో అది సెప్పండి, సాలు."

బయట నూనె చిటపటలాడుతోంది. ఠరావు పెట్టినవాళ్లు ఒకరుంటే దాన్ని బలపరిచేవాళ్లు ఇంకొకరు కావాలి. ఎవరూ లేకపోతే అది అక్కడే పడిపోతుంది. చీఫ్ ఆఫీసరు పెన్ను పట్టుకుని చుట్టూ చూస్తున్నాడు.

వెనక వరసలో ఒక పెద్దాయన ఉండేవాడు. మిషనక్కకు ఎదుటి పార్టీ. మోరీల మీద ఆయన మాట్లాడితే మేమంతా ఒక నిద్ర తీసి లేచేవాళ్లం. ఆయన లేచాడు.

"నేను బలపరుస్తాండా, రాసుకోండి" అన్నాడు. కూర్చోబోయి కూర్చోలేదు. "నా చెల్లెలు ఇట్లనే పాయె. ఎద్దులబండిలో తీసుకపోతిమి. నలభై ఏండ్లయింది. ఇంతవరకు నేను ఎవరి ముందరా అనలేదు."

అంతే, దాని తరువాత సభ ఎవరి చేతిలోనూ లేదు. ఒకాయన తన భార్యను ప్రతిసారీ ఆదోనికి తీసుకుపోతానన్నాడు. ఇంకొకాయన అక్క గురించి చెప్పాడు. అప్పటిదాకా నోరు తెరవని ఇద్దరు ఆడ మెంబర్లు ఒకరి మాట ఒకరికి అందిస్తూ మాట్లాడారు. కన్నడమా తెలుగా అని ఎవరూ చూసుకోలేదు. ఆఖరికి అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు.

"కోడలికి ఎన్ని దినాలుండాదక్కా?"

"ముప్పై, ముప్పై అయిదు దినాలు."

ఆయన చీఫ్ ఆఫీసరు వైపు తిరిగాడు. "ఏకగ్రీవం అని రాసుకోండి సార్. వారానికి రెండు దినాలు అని ఉండాదే, అది కొట్టేసి మూడు దినాలు చేయండి."

నేను వెనక్కి తిరిగి, "ఇంక తెప్పా" అన్నాను మిర్చి ఆయనతో. ఆ రోజు బజ్జీలు పొగలు కక్కుతూ లోపలికి పోయాయి. మిషనక్క రెండు తింది.

సభ అయ్యాక చీఫ్ ఆఫీసరు నన్ను గదిలోకి పిలిచాడు. బెల్లు మోగినా రాలేదని అధ్యక్షుడు ఫిర్యాదు చేశాడట, నన్ను మందలించాలట. ఆయన తలుపు తెరిచే ఉంచి, బయటికి వినపడేట్టు, "ఇంకోసారి ఇట్ల చేస్తే మెమో ఇస్తా, తెలిసిందా" అన్నాడు. నేను తల వంచుకున్నాను. తరువాత గొంతు తగ్గించి, "మిర్చి ఏమన్నా మిగిలినాయా" అన్నాడు. ఉద్యోగంలో నేను పడిన ఒకే ఒక్క చీవాటు అది. ఇప్పటికీ తలచుకుంటే కడుపు నిండినట్టుంటుంది.

ఠరావు నకళ్లు నాలుగు ఆఫీసులకు పోయాయి. మూడు చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఒక చోట నుంచి "పరిశీలిస్తాం" అని జాబు వచ్చింది. "చూసినావా, ఉత్త ఠరావు" అని గుమాస్తాలు నవ్వారు. మిషనక్క మాత్రం ఒక నకలు ప్లాస్టిక్ కవరులో పెట్టి మిషన్ దగ్గర గోడకు తగిలించింది. పిండి పట్టించుకోవడానికి వచ్చినవాళ్లంతా పద్దెనిమిది సంతకాలు చూశారు. ఎవరి మెంబరు సంతకం ఎక్కడుందో వేలుపెట్టి వెతుక్కున్నారు. ఆడవాళ్లు దారిలో మెంబర్లను ఆపి, "డాక్టరు ఎప్పుడొస్తాదప్పా, నువ్వు కూడా సంతకం పెట్టినావంట గదా" అని అడగడం మొదలుపెట్టారు. చీఫ్ ఆఫీసరు చెప్పిన బలం అదే. సంతకం పెట్టినవాళ్లు ఇంక తప్పించుకోలేకపోయారు.

పది రోజులకు రోడ్డు పనికి పూజ చేయడానికి ఎమ్మెల్యే వచ్చాడు. మిషనక్క కవరుతో సహా ముందుకు పోయింది. ఆమె నోరు తెరిచేలోపే అధ్యక్షుడు ఆ కాగితం అందుకుని జనం అందరి ముందు, "మా సభ అభిప్రాయం సార్ ఇది. ఏకగ్రీవం. మీ పార్టీవాళ్లు, మా పార్టీవాళ్లు అందరూ ఉండారు" అని రొమ్ము విరుచుకుని చెప్పాడు. రెండు సభల్లో టీ కోసం బెల్లు నొక్కిన మనిషి ఇతనేనా అనిపించింది. ఎమ్మెల్యే సంతకాలు చూశాడు. తన మనుషులవి ఏడు ఉన్నాయి. అక్కడే నిలబడి జిల్లా ఆరోగ్య అధికారికి ఫోను చేశాడు.

ఆ తరువాతి సోమవారం డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు. వారానికి మూడు దినాలు, సోమ, బుధ, శుక్రవారాలు, బళ్లారి నుంచి పొద్దున బస్సుకు. మొదటి రోజు లైను ఆసుపత్రి గేటు దాటి రోడ్డుమీదికి వచ్చింది. నేను ఆఫీసు పని మీద పోతున్నట్టు రెండుసార్లు అటు పోయి చూసి వచ్చాను.

మిషనక్క కోడలిని రెండోసారి చూపించిన రోజు నేను వాళ్ల వెంటే ఉన్నాను. డాక్టరమ్మ బీపీ చూసింది, వాచిన కాళ్లు నొక్కి చూసింది. "బీపీ బాగా పెరిగింది. ఈమెను ఇక్కడ ఉంచకూడదు. ఈ రోజే బళ్లారి పెద్దాసుపత్రికి పోవాలి" అంది.

మిషనక్క కోడలి భుజం పట్టుకుంది. "బళ్లారికి పోయే పని లేకుండా నిన్ను తెచ్చుకుంటిమి కదమ్మా" అంది.

"నేను ఉండాను కాబట్టే ఈ పొద్దు తెలిసింది అమ్మా. నొప్పులు వచ్చినాక ఆటోలో పోయేది వేరే, ఇప్పుడు అంబులెన్సులో పండుకొని పోయేది వేరే. నేను ఆడికి ఫోన్ చేస్తా. బెడ్డు పెట్టింటారు."

ఆ మధ్యాహ్నమే అంబులెన్సు బయలుదేరింది. మరునాడు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. ఇంకో రెండు రోజులు ఆలస్యమై ఉంటే ఇద్దరూ దక్కేవాళ్లు కారని అక్కడి డాక్టర్లు చెప్పారట. మిషనక్క ఫోనులో ఆ మాట చెబుతుంటే నేను ఆఫీసు మెట్లమీద కూర్చుండిపోయాను.

ఆసుపత్రి నుంచి వాళ్లు తిరిగి వచ్చిన రోజు శుక్రవారం. ఊళ్లోకి రాగానే మిషనక్క కారును ఇంటికి పోనివ్వలేదు, నేరుగా మా ఆసుపత్రికి తిప్పించింది. నన్నూ రమ్మని కబురు పెట్టింది. లైనులో ఉన్న ఆడవాళ్లు బిడ్డను చూసి, ఎవరూ చెప్పకుండానే జరిగి దారి ఇచ్చారు. కోడలు కుర్చీలో కూర్చుంది, బిడ్డ మిషనక్క ఒళ్లో.

డాక్టరమ్మ అంతకుముందు వచ్చిన పేషెంటుకు చీటీ రాస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది, "ఎన్నో నెల?"

"నెల కాదు డాక్టరమ్మా" అంది మిషనక్క. "తొమ్మిదో దినం."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. లేచి వచ్చి రెండు చేతులూ చాచింది.